మెర్లో: వగరు తెలిసిన నాలుకకి

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ద్రాక్ష గురించి మాట్లాడుకుందాం. దాని పేరు మెర్లో. ఇంగ్లీషులో రాస్తే చివర ఒక ‘టీ’ కనిపిస్తుంది కానీ దాన్ని పలకరు. మీరు మెర్లాట్ అన్నా తెచ్చేవాడు తెస్తాడు లెండి, అదేం పెద్ద విషయం కాదు. అసలు విషయం ఏంటంటే, ఈ పేరు చెప్పగానే వైన్ తెలిసినవాళ్ళం అనుకునేవాళ్ళు చాలామంది పెదవి విరుస్తారు. ‘అబ్బే, అది మరీ మెత్తన, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తాగేది’ అంటారు. అదే ద్రాక్షతో చేసిన ఇంకో సీసాకి లక్షల రూపాయలు పోసి కొనేవాళ్ళు ఉన్నారు. పండు ఒకటే, పేరు ఒకటే. మరి ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? అది ఆ తీగ ఏ ఊళ్ళో, ఏ మట్టిలో, ఏ ఎండలో పెరిగింది అన్నదాంట్లో ఉంది. ఆ తేడా పట్టుకోవడానికి కోర్సులు, సర్టిఫికెట్లు అక్కర్లేదు. ఉగాది పచ్చడి తిన్న నాలుక చాలు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, మళ్ళీ మధ్యలో ఆపను. తెలంగాణలో, ఆంధ్రాలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మద్యం అమ్మకూడదు. నేనుండే అమెరికాలోనూ అదే వయసు. రెడ్ వైన్ గుండెకి మంచిది అని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మి తాగొద్దు. ఆల్కహాల్ విషయంలో సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. రుచి చూడటం వేరు, తాగడం వేరు. ఈ పనే వృత్తిగా చేసేవాళ్ళు నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. రోజుకి యాభై, అరవై వైన్లు చూడాలంటే ఇంకో దారి లేదు మరి. అసలు తాగని వాళ్ళు కూడా ఈ ఎపిసోడ్ చూడొచ్చు, ఇందులో మట్టి, వాన, వేళ్ళ గురించే ఎక్కువ ఉంటుంది.

సరే, మెర్లో పుట్టుక. ఫ్రాన్స్‌లో బోర్డో అనే ఊరు ఉంది కదా, దానికి తూర్పున లిబూర్న్ అనే చిన్న పట్నం. ఆ చుట్టుపక్కల ఈ ద్రాక్ష బాగుంటుందని 1784లోనే రాసి పెట్టారు. పేరు ‘మెర్ల్’ అనే నల్ల పిట్ట నుంచి వచ్చిందంటారు. పండు ఆ పిట్ట రంగులో ఉంటుందని కొందరు, పండగానే ఆ పిట్టలే ముందొచ్చి తినేస్తాయని కొందరు. తండ్రి ఎవరో డీఎన్ఏ పరీక్షల్లో ముందు తేలింది. కాబెర్నే ఫ్రాంక్ అనే పాత రకం. తల్లి మాత్రం చాలాకాలం దొరకలేదు. 1996లో బ్రిటనీలో, అంటే బోర్డోకి ఎంతో ఉత్తరాన సముద్రం పక్క ప్రాంతంలో, సాన్ సులియాక్ అనే పల్లె దగ్గర ఎవరూ పట్టించుకోని ఒక పాత తీగ దొరికింది. తర్వాత షరాంత్ ప్రాంతంలో కూడా అదే తీగ కొన్ని ఇళ్ళ గుమ్మాల ముందు పాకుతూ కనబడింది. దానికి మాగ్దలెన్ నువార్ అని పేరు. అదే మెర్లోకి తల్లి అని 2009లో తేల్చి రాశారు. ప్రపంచమంతా తాగే ద్రాక్ష తల్లి, పేరు కూడా లేకుండా గుమ్మం పక్కన పందిరి మీద ఉందన్నమాట. ఆ పరిశోధన చేసినవాళ్ళలో ఒకాయన ఝాఁ మిషెల్ బూర్సికో. ఈయన పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో చిలీలో మళ్ళీ కనిపిస్తాడు.

ఇంకో సంగతి. అందరూ గొప్పగా చెప్పే కాబెర్నే సావిన్యాన్ ఉంది కదా, దానికీ తండ్రి వైపు కాబెర్నే ఫ్రాంకే. అంటే మెర్లో, కాబెర్నే సవతి అన్నదమ్ములు. ఇద్దరిలో మెర్లో కాస్త ముందుగా పండుతుంది. తోలు కొంచెం పల్చన, గింజ చుట్టూ కండ కొంచెం ఎక్కువ. అందుకే వైన్ కూడా మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. దాని బలమూ అదే, దానికి వచ్చిన చెడ్డపేరూ అదే.

ఇప్పుడు రుచి ఎలా చూడాలో చెప్తాను.

వైన్ పుస్తకాలు తెరిస్తే బ్లాక్‌బెర్రీ, బ్లాక్‌కరెంట్, బాయ్సెన్‌బెర్రీ అని ఉంటాయి. గుంటూరులో పెరిగినవాడు బాయ్సెన్‌బెర్రీ ఎక్కడ తిన్నాడండీ? నేను చూడలేదు. చూడని పండు వాసన గ్లాసులో వెతుక్కుని, దొరక్కపోతే మన ముక్కులోనే ఏదో లోపం ఉందనుకోవడం, ఇదీ చాలామందికి జరిగేది. ఆ లిస్టు పక్కన పెట్టేయండి. మీకు తెలిసినవే వెతకండి. నేరేడు పండు. ఆల్‌బుఖారా. ఎండు ఖర్జూరం. కోకో పొడి. కాఫీ గింజ. అగరబత్తి కట్ట. కొత్త చెప్పుల డబ్బా తెరిచినప్పుడు వచ్చే వాసన. ఇవన్నీ మెర్లోలో దొరుకుతాయి.

ముఖ్యంగా ఒక్క మాట మన దగ్గర ఉంది, అది చాలా విలువైనది. వగరు. ఇంగ్లీషులో రోజువారీ మాటల్లో దీనికి సరైన పదం లేదు. అందుకే వాళ్ళు టానిన్ అని కెమిస్ట్రీ మాట వాడతారు. మనకి చిన్నప్పుడే ఆరు రుచుల్లో ఒకటిగా నేర్పేశారు. నేరేడు పండు తిన్నాక నాలుక మీద గరుగ్గా, చిగుళ్ళు పట్టేసినట్టు అవుతుంది చూడండి, అదే. ద్రాక్ష తోలులో, గింజలో ఉండే టానిన్ మన లాలాజలంలో ఉండే ప్రొటీన్లని పట్టేసుకుంటుంది. నోట్లో జారుడుతనం పోతుంది. అందుకే వగరు ఒక స్పర్శ కూడా. నాలుకకన్నా చిగుళ్ళకి, బుగ్గల లోపలికి ముందు తెలుస్తుంది. వగరులో కూడా రకాలుంటాయి. పచ్చి అరటికాయ వగరు వేరు, బాగా పండిన నేరేడు వగరు వేరు, బాగా మరిగించిన టీ డికాక్షన్ వగరు వేరు. ఈ మూడింటి తేడా తెలిసినవాడికి మెర్లోలో సగం అర్థమైపోయినట్టే.

మనం తినే ద్రాక్షతో పోలిస్తే ఇది వేరు. హైదరాబాద్ అనాబే షాహీ తెలుసుగా, లావుగా, నీళ్ళగా, పల్చటి తోలుతో. అది తినడానికి. వైన్ ద్రాక్ష చిన్నది. తోలు, గింజ పాలు ఎక్కువ, తీపి కూడా తినే ద్రాక్షకన్నా బాగా ఎక్కువ. ఆ తీపి పులిసి ఆల్కహాల్ అవుతుంది. తోలు రంగుని, వగరుని ఇస్తుంది.

చూసే పద్ధతి సింపుల్. గ్లాసులో రెండు గుక్కలకి సరిపడా పోయండి. తిప్పండి, వాసన చూడండి. ఒక గుక్క నోట్లో అన్ని వైపులా తాకేలా తిప్పండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పండు పచ్చిదా, పండిందా, ఎండిందా? పులుపుకి నోట్లో నీళ్ళు ఊరాయా? వగరు ఎక్కడ పట్టింది? గొంతులో వేడి ఎంత? అంతే. ‘బాగుందా లేదా’ అన్నది చివర్లో చూసుకోవచ్చు.

ఇక ఊళ్ళకి వెళ్దాం. మొదట బోర్డో.

బోర్డో దగ్గర గరోన్, దోర్దోన్య్ అని రెండు నదులు కలిసి జిరోండ్ అనే పెద్ద పాయ అయి సముద్రంలోకి పోతాయి. ఎడమ గట్టున గులకరాళ్ళ నేల. గులకరాళ్ళు ఎండకి వేడెక్కుతాయి, నీళ్ళు నిలవనివ్వవు. ఆలస్యంగా పండే కాబెర్నేకి అది సరిపోతుంది. కుడి గట్టున, లిబూర్న్ వైపు, బంకమట్టి ఎక్కువ. బంకమట్టి చల్లగా ఉంటుంది, నీళ్ళు పట్టుకుంటుంది. అలాంటి నేలలో కాబెర్నే పండటానికి తంటాలు పడుతుంది. మెర్లో ముందే పండే రకం కాబట్టి నిలబడింది. 1956 ఫిబ్రవరిలో భయంకరమైన మంచు పడి కుడి గట్టున తీగలు చాలా చచ్చిపోయాయి. తిరిగి నాటినప్పుడు మెర్లో ఇంకా పెరిగింది.

ఆ గట్టునే పొమెరాల్ అనే చిన్న ప్రాంతం ఉంది. మొత్తం కలిపి 800 హెక్టార్లు, అంటే రెండు వేల ఎకరాలు. అందులో ఒక గుట్ట మీద పెట్రూస్ అనే తోట, 11 హెక్టార్ల పైచిలుకు. అక్కడి మట్టి నీలం రంగు బంకమట్టి. దీన్ని స్మెక్టైట్ జాతి అంటారు. వానకి ఉబ్బి మూసుకుపోతుంది, ఎండకి కుంచించుకుంటుంది. గుంటూరు, పల్నాడు నల్లరేగడి చూసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, ఎందుకంటే మన రేగడి కూడా ఆ జాతి మట్టే. మనం దాంట్లో పత్తి, మిరప వేశాం. వాళ్ళు మెర్లో వేశారు. వాన ఎక్కువైతే ఆ బంకమట్టి పైన మూసుకుని నీళ్ళని పక్కకి పంపించేస్తుంది. ఎండలు ముదిరితే దాచుకున్న తడిని కొంచెం కొంచెంగా వేరుకి ఇస్తుంది. తీగ చావదు, అలా అని నీళ్ళు తాగి ఉబ్బిపోదు. పండు చిన్నగా, చిక్కగా వస్తుంది. కొందరు గ్లాసు పట్టుకుని ‘మట్టి రుచి తెలుస్తోంది’ అంటారు. మట్టి నేరుగా నోట్లోకి రాదండీ. మట్టి నీళ్ళ లెక్క చూసుకుంటుంది, ఆ లెక్క పండులో తెలుస్తుంది.

పెట్రూస్ గురించి ఒక సరదా సంగతి. 2019లో పన్నెండు సీసాల పెట్రూస్‌ని అంతరిక్ష కేంద్రానికి పంపారు. ఏడాదికి పైగా అక్కడుంచి 2021లో దించారు. మన బడ్జెట్ సంగతి సరే, ఆ సీసాలకి మనకన్నా ఎక్కువ ప్రయాణాలు. పెట్రూస్ నేను తాగలేదు, తాగుతానన్న ఆశ కూడా లేదు. దాని చుట్టుపక్కల పల్లెలవి మాత్రం అందుబాటులో ఉంటాయి. లాలాండ్ ద పొమెరాల్, ఫ్రాన్సాక్, కాస్తియోన్, ఈ పేర్లు లేబుల్ మీద వెతకండి. ఒక చిక్కేంటంటే, ఆ సీసాల మీద చాలావరకు మెర్లో అని రాసి ఉండదు. ఫ్రాన్స్‌లో ఊరి పేరే రాస్తారు. ఊరు తెలిస్తే ద్రాక్ష తెలిసినట్టే అని వాళ్ళ లెక్క. మన బందరు లడ్డూ మీద పిండి పేరు రాస్తారా?

కుడి గట్టు మెర్లో నోట్లో ఎలా ఉంటుందంటే, పండు ముందుకి దూకదు. ఆల్‌బుఖారా ఉంటుంది కానీ పక్కనే తడి ఆకులు, పెన్సిల్ చెక్కిన పొట్టు, కొంచెం కోకో. పులుపు బతికే ఉంటుంది. వగరు సన్నగా, పిండిలా చిగుళ్ళ మీద పరుచుకుంటుంది. మొదటి గుక్కకి ‘ఏముంది ఇందులో’ అనిపించొచ్చు. అన్నం ముద్దకీ ముద్దకీ మధ్య తాగితే అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడి నుంచి నేనుండే వైపు వస్తాను. నాది సియాటెల్ పక్కన రెడ్మండ్. ఈ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఇరవై నిమిషాల దూరంలో వుడిన్‌విల్ అనే ఊరుంది, అక్కడ వందకి పైగా వైన్ రుచి చూసే గదులున్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే బోయింగ్ మ్యూజియం, స్నోక్వాల్మీ జలపాతం చూపించి ఇంటికి తీసుకొచ్చేస్తారు మనవాళ్ళు. పక్కనున్న వుడిన్‌విల్ ఎవరికీ గుర్తుండదు. విచిత్రం ఏంటంటే, ఆ ఊళ్ళో వైన్ గదులే ఉన్నాయి, ద్రాక్ష తోటలు దాదాపు లేవు. సియాటెల్ వైపు వాన, మబ్బు. ద్రాక్ష పండేది కొండల అవతల.

ఆ అవతలికి ఒకసారి కారులో వెళ్ళి చూడాలి. ఐ-90 రోడ్డు మీద తూర్పుకి బయల్దేరితే కాస్కేడ్ కొండలు ఎక్కేదాకా కోనసీమంత పచ్చదనం. కనుమ దాటి ఎల్లెన్స్‌బర్గ్ చేరేసరికి అనంతపురం. గోధుమరంగు గుట్టలు, ముళ్ళ పొదలు, గాలి. పోలిక ఊరికే అనడం లేదు. అనంతపురానికి పడమటి కనుమలు వానని అడ్డుకుంటాయి, ఇక్కడ కాస్కేడ్ కొండలు అడ్డుకుంటాయి. ఇంకా చెప్పాలంటే ఇది అనంతపురం కన్నా ఎండు. కొలంబియా లోయలో తోటలున్న చోట ఏడాదికి 150 నుంచి 200 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అనంతపురంలో దానికి రెట్టింపు కన్నా ఎక్కువే పడుతుంది. అయినా అక్కడ ద్రాక్ష ఎలా పండుతోందంటే, కొలంబియా, యాకిమా లాంటి నదుల నీళ్ళు. డ్రిప్‌తో తీగకి ఎన్ని నీళ్ళు, ఎప్పుడు ఇవ్వాలో రైతు చేతిలోనే ఉంటుంది. పెట్రూస్ కింద బంకమట్టి చేసే పని ఇక్కడ పైపు, వాల్వు చేస్తాయన్నమాట.

అది ఉత్తరాన 46 డిగ్రీల దగ్గరుంది, ఇంచుమించు బోర్డో వరసలో. ఎండాకాలం పగలు కాలిఫోర్నియా నాపా కన్నా రోజుకి సుమారు గంట పొడుగు. పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి చలి పుడుతుంది. పగటి ఎండ తీపిని పెంచుతుంది, రాత్రి చలి పులుపు పోకుండా కాపాడుతుంది. మంచుయుగం చివర్లో వచ్చిన పెద్ద పెద్ద వరదలు వదిలేసిన ఇసుక, ఒండ్రు అక్కడి నేల. ఫిలాక్సెరా అని ద్రాక్ష వేళ్ళని తినే పేనులాంటి పురుగు ఉంది, పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ తోటల్ని తుడిచిపెట్టింది అదే. ఇసుకలో దానికి బతకడం కష్టం. అందుకే ఇక్కడ చాలా తోటల్లో తీగలు అంటు కట్టకుండా సొంత వేరు మీదే ఉన్నాయి. కష్టం కూడా ఉంది. 1996 చలికాలంలో గడ్డకట్టే చలికి మెర్లో తీగలు బాగా దెబ్బతిన్నాయి.

ఈ మెర్లో తాగితే ‘మెత్తన’ అనే మాట ఇక నోట రాదు. నల్లగా, నిగనిగలాడుతూ, నేరేడు, చెర్రీ, డార్క్ చాక్లెట్. పులుపు గట్టిగా ఉంటుంది. వగరు చిగుళ్ళ దాకా పట్టి కాసేపు వదలదు. చాలాసార్లు పక్కన పోసిన కాబెర్నే కన్నా ఇదే బిగువుగా ఉంటుంది. నాకు మెర్లోల్లో అన్నిటికన్నా ఇష్టం ఇదే. పక్కూరి అభిమానం అనుకున్నా పర్లేదు.

కాలిఫోర్నియా కథ వేరు, అది మార్కెట్ కథ. 1991లో అమెరికా టీవీలో ‘ఫ్రెంచ్ పారడాక్స్’ అని ఒక కార్యక్రమం వచ్చింది. ఫ్రెంచివాళ్ళు కొవ్వు తిన్నా గుండె జబ్బులు తక్కువ, రెడ్ వైన్ వల్లేమో అని. మర్నాటి నుంచి అందరికీ రెడ్ వైన్ కావాలి. వగరుకి అలవాటు లేని నోళ్ళు. మెత్తగా ఉన్నది కావాలి, పేరు పలకడానికి తేలిగ్గా ఉండాలి. రెండు అక్షరాల మెర్లో దొరికింది. ఎనభైల్లో కొద్ది వేల ఎకరాలు ఉన్న ద్రాక్ష 2000 దాటేసరికి 50 వేల ఎకరాల దాకా పోయింది. సరిపడే నేల, సరిపడని నేల అన్న తేడా లేకుండా వేశారు. వేడి లోయల్లో, ఎకరాకి ఎంత వీలైతే అంత కాపు. అలా కాస్తే వచ్చేది తియ్యటి ఎర్రనీళ్ళే.

అప్పుడు 2004లో ‘సైడ్‌వేస్’ అనే సినిమా వచ్చింది. అలెగ్జాండర్ పేన్ డైరెక్టర్. అందులో మైల్స్ అనే హీరో, పాల్ జియామట్టి వేశాడు, మెర్లో పేరెత్తితే మండిపడతాడు. సినిమాకి ఆస్కార్ వచ్చింది, జనం నవ్వుకున్నారు. తర్వాత మెర్లో అమ్మకాలు కొంత పడ్డాయి, అతను పొగిడిన పినో నువార్ పెరిగింది. ఒక్క సినిమానే ముంచేసిందని అనలేం, అప్పటికే పంట ఎక్కువై ఉంది. కానీ పేరు పోయింది. నాకు నచ్చిన విషయం ఏంటంటే, అదే మైల్స్ ప్రాణంలా దాచుకున్న సీసా ఒకటుంటుంది, 1961 షెవాల్ బ్లాఁ. చివర్లో బర్గర్ షాపులో కూర్చుని కప్పులో పోసుకుని తాగుతాడు. షెవాల్ బ్లాఁ అంటే కుడి గట్టు తోట. అందులో ఉండేది కాబెర్నే ఫ్రాంక్, మెర్లో! తిట్టిన ద్రాక్షనే ఊరి పేరు మీద నెత్తిన పెట్టుకున్నాడు.

కాలిఫోర్నియాలో మంచి మెర్లో లేదని కాదు. నాపాలో డక్‌హార్న్ వాళ్ళు త్రీ పామ్స్ అనే రాళ్ళనేల తోట నుంచి 1978 నుంచీ చేస్తున్నారు. వాళ్ళ 2014 వైన్‌ని 2017లో వైన్ స్పెక్టేటర్ పత్రిక ఆ ఏడాదికి మొదటి స్థానంలో పెట్టింది. నాపా మెర్లో నోట్లో ముందు తీపిలా తగులుతుంది. తీపి ఉండదు నిజానికి, బాగా పండిన పండు, ఓక్ పీపా వెనిల్లా, ఎక్కువ ఆల్కహాల్, ఈ మూడూ కలిసి నాలుకకి అలా అనిపిస్తాయి. వగరు వెల్వెట్‌లా ఉంటుంది. రెండో గ్లాసుకి నాకు మొహం మొత్తుతుంది.

ఇప్పుడు చిలీ. ఇదే నాకు అన్నిట్లోకి పెద్ద కథ.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో చిలీ భూస్వాములు బోర్డో నుంచి తీగల కొమ్మలు తెప్పించుకున్నారు. తర్వాత ఫిలాక్సెరా వచ్చి బోర్డో తోటలు పోయాయి. చిలీకి ఆ పురుగు చేరలేదు. వంద ఏళ్ళకి పైగా వాళ్ళు మెర్లో అనుకుంటూ పండించారు, మెర్లో అని లేబుల్ వేసి అమ్మారు. ఆ మెర్లోలో ఏదో తేడా ఉండేది. మిరియం, పచ్చి క్యాప్సికమ్ వాసన. చిలీ మెర్లో అంతేలే అనుకున్నారు అందరూ. 1994 నవంబర్‌లో బూర్సికో, మనం ఇందాక చెప్పుకున్న ఆయనే, చిలీ వెళ్ళి ఒక తోటలో నడుస్తున్నాడు. అక్కడ నవంబర్ అంటే పూత కాలం. పువ్వులో కేసరాలు మెలితిరిగి ఉండటం చూసి ఆగిపోయాడు. ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అన్నాడు. బోర్డోలో దాదాపు మాయమైపోయిన పాత రకం. చిలీలో మెర్లో పేరు మీద బతికుంది.

రైతుల సంగతి ఆలోచించండి. నిన్నటిదాకా నీ తోటలో ఉన్నది ప్రపంచానికంతా తెలిసిన పేరు. ఇవాళ ఎవరూ వినని పేరు. కొన్నాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు కూడా. చివరికి చిలీ దాన్ని వేరే రకంగా గుర్తించింది, ఇప్పుడు అదే వాళ్ళ సొంత ద్రాక్ష అని గర్వంగా చెప్పుకుంటున్నారు. రుచి వైపు నుంచి చూస్తే ఇందులో ఒక పాఠం ఉంది. కార్మెనేర్ మెర్లో కన్నా వారాల తరబడి ఆలస్యంగా పండుతుంది. రెండూ ఒకే తోటలో కలిసి ఉంటే ఒకేరోజు కోసేవారు. మెర్లో పండేది, కార్మెనేర్ పచ్చిగా ఉండేది. ఆ క్యాప్సికమ్ వాసన అదే. నిజంగా క్యాప్సికమ్‌లో ఉండే పైరజిన్ అనే పదార్థమే పచ్చి ద్రాక్షలోనూ ఉంటుంది. పేరు తప్పైనా ముక్కు మాత్రం వందేళ్ళుగా నిజమే చెప్తోంది, వినేవాళ్ళే లేరు. ఇప్పుడు చిలీ మెర్లోలు విడిగా కోసినవే ఎక్కువ. ఎర్ర రేగుపండు లాంటి పండు, తేలికైన వగరు, ధర తక్కువ. మొదలుపెట్టడానికి మంచివి.

మిగతా ఊళ్ళు గబగబా చెప్పేస్తాను. ఇటలీ టస్కనీలో బోల్గెరి దగ్గర మస్సెతో అని ఒకటుంది, అక్కడా నీలం బంకమట్టే, ధర కూడా పెట్రూస్ దారిలోనే. స్విట్జర్లాండ్‌లో ఇటాలియన్ మాట్లాడే తిచీనోలో తోటల్లో అత్యధిక భాగం మెర్లోనే. వాళ్ళు దాంతో తెల్ల వైన్ కూడా చేస్తారు, తోలు తగలకుండా వెంటనే రసం పిండేసి. మహారాష్ట్రలోనూ మెర్లో ఉంది. మన వేడికి తీగ నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు. వానలు పోయాక సెప్టెంబర్, అక్టోబర్‌లో రెండో కత్తిరింపు, జనవరి నుంచి మార్చి మధ్య కోత. యూరప్‌లో ఎండాకాలం చివర పండేది మన దగ్గర చలికాలంలో పండుతుందన్నమాట. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి సులువుగా దొరికేది ఇదే, దీన్ని ఒక చిలీ సీసా పక్కన పెట్టి చూడండి.

పక్కన పెట్టి చూడటం గురించి. ఒక్కటే సీసా తెరిస్తే ఏమీ తెలియదు. మేము ఐదుగురం కలిసి నాలుగు సీసాలు తెచ్చాం. ఫ్రాన్సాక్, వాషింగ్టన్, నాపా, చిలీ. సీసాలకి న్యూస్‌పేపర్ చుట్టి నంబర్లు వేశాం. ఇంగ్లీషులో వర్ణించకూడదని రూల్ పెట్టుకున్నాం. ముందు నవ్వులాట అయింది, తర్వాత అందరూ సీరియస్ అయ్యారు. నాపాకి ఒకరు ‘బేకరీ ముందు నుంచి వెళ్తున్నట్టుంది’ అన్నారు. ఫ్రాన్సాక్‌కి ఒక వదిన ‘పాత బీరువా’ అన్నారు, అంతకన్నా బాగా నేను చెప్పలేను. వాషింగ్టన్‌కి ‘నేరేడు పండు, ఉప్పు లేకుండా’ అన్నాడు మా విజయవాడ తమ్ముడు. ఉప్పు లేకుండా అన్నది చూడండి, వగరు ఎంత సరిగ్గా పట్టాడో. పేపర్ విప్పితే, ఐదుగురిలో ముగ్గురికి నచ్చింది అన్నిట్లో చవకైన చిలీ సీసా. ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు, నచ్చింది నచ్చిందే.

తిండి సంగతి ఒకటి. గోంగూర మాంసం, ఆవకాయ లాంటి వాటితో దీన్ని కలపకండి. కారం మీద ఆల్కహాల్ పడితే మంట పెరుగుతుంది. గోంగూర పులుపు ముందు వైన్ పులుపు చచ్చిపోయి చప్పగా అయిపోతుంది. కారం తగ్గించిన మటన్ కీమా, పుట్టగొడుగుల వేపుడు, పనీర్ టిక్కా బాగుంటాయి. కొవ్వు, మాంసం ఉన్నప్పుడు వగరు తగ్గినట్టు అనిపిస్తుంది.

ఇంకొక్క విషయం, ఇది కొంచెం బరువైనది. ముందుగా పండటం మెర్లో బలం అన్నాను కదా. ఎండలు పెరుగుతున్న కొద్దీ అదే దానికి గండం అవుతోంది. 2003, 2018, 2022 లాంటి వేడి ఏళ్ళలో బోర్డోలో మెర్లో తీపి ఎగబాకింది, ఆల్కహాల్ 14, 15 శాతం దాకా వెళ్ళింది, పులుపు పడిపోయింది. అక్కడి ఎర్ర ద్రాక్షలో మూడింట రెండు వంతులకి దగ్గరగా ఉన్నది మెర్లోనే. 2021లో వేడి తట్టుకునే రకాలు ఆరింటికి కొత్తగా అనుమతి ఇచ్చారు, అందులో పోర్చుగల్ ద్రాక్ష తూరిగా నాసియోనల్ కూడా ఉంది. ప్రస్తుతానికి తోటలో 5 శాతం, వైన్లో 10 శాతం దాటకూడదని షరతు. మరోపక్క వైన్ అమ్ముడుపోక 2023 నుంచి ప్రభుత్వ డబ్బు తీసుకుని వేల హెక్టార్ల తీగలు పీకేస్తున్నారు. పీకేసేది పెట్రూస్‌ని కాదు, పేరు లేని చిన్న రైతుల తోటల్ని. ఫ్రాన్సాక్ దగ్గర నేను చెప్పిన ఆ ‘పాత బీరువా’ వాసన ఇంకో ముప్ఫై ఏళ్ళకి అక్కడే దొరుకుతుందో, ఇంకెక్కడో చల్లటి కొండ మీద వెతుక్కోవాలో. నీలం బంకమట్టి ఉన్న గుట్టలు తట్టుకుంటాయేమో. ఆ గుట్టలు అందరికీ లేవు.

సరే, మీరు సీసా తెచ్చుకుంటే ఒక్క జాగ్రత్త. రెడ్ వైన్ గది వేడిలో తాగాలి అంటారు. ఆ గది పాత ఫ్రెంచి గది, 16 నుంచి 18 డిగ్రీలు. మే నెల కూకట్‌పల్లి గది కాదు. ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకి కొడుతుంది. మిగిలింది మూత పెట్టి మళ్ళీ ఫ్రిజ్‌లోనే ఉంచండి, మర్నాడు మళ్ళీ ఒక గుక్క చూడండి. వాషింగ్టన్‌ది చాలాసార్లు రెండోరోజు ఇంకా బాగుంటుంది. వగరు కాస్త దిగుతుంది, నేరేడు పైకొస్తుంది. తాగి బండి మాత్రం తీయొద్దు.

ఉంటానండీ.